నన్ను తిట్టని సారు

మా సారు తిట్లకు పెట్టింది పేరు. శంషాబాద్‌లో విమానాశ్రయానికి పోయే రోడ్డు పక్కన ఉండేది మా ఆసుపత్రి. పొద్దున ఆయన రౌండ్లకు బయలుదేరారని తెలిస్తే నర్సులు దుప్పట్లు సర్దేవారు, మేము గొంతులు సర్దుకునేవాళ్ళం. జనరల్ మెడిసిన్‌కు ఆయన పెద్ద డాక్టరు. మేము ఆయన దగ్గర పీజీ చదివే పిల్లలం. పిల్లలమంటే ముప్పై దగ్గరపడుతున్న పిల్లలం. ఎంబీబీఎస్ అయిపోయి, పేరు ముందు డాక్టరని చేరి, చుట్టాలందరూ ఫోన్లు చేసి మందులడిగే వయసులో పేషెంట్ల ఎదుట నిలబడి చీవాట్లు తినే బతుకు మాది.

"ఏందిరా గిట్ల జేసినవ్? కడుపు మీద చేయి వెట్టినవా, బల్ల మీద వెట్టినవా?" అని ఆయన గద్దిస్తే మంచం మీద ఉన్న మనిషికే జాలి పుట్టేది. పోనీ సారూ, చిన్న పోరడు అని పేషెంట్లే అడ్డుపడ్డ రోజులున్నాయి. మా బ్యాచ్‌లో బుద్వేల్ నుంచి బండి మీద వచ్చే అబ్బాయి ఒకడుండేవాడు. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. రోజూ వాడికి తిట్లు తప్పేవి కావు. మెడ వెనక గోక్కుంటూ, తల వంచుకుని నిలబడేవాడు. వాడిని చూస్తే నాకు పాపం అనిపించేది. లోపలెక్కడో కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఎందుకంటే నన్ను ఆయన ఒక్క మాట అనేవారు కాదు. నేను కేసు చెప్పడం ముగించగానే తల ఊపి, "బాగుందమ్మా" అని పక్క మంచానికి వెళ్ళిపోయేవారు. బ్యాచ్‌లో ఆడపిల్లను నేనొక్కదాన్నే. మగపిల్లలతో ఆయన తన ఇంటి మాట మాట్లాడేవారు. ఆయనది మహేశ్వరం వైపు పల్లె, వ్యవసాయం ఇంటి మనిషి. వాళ్ళను ఒరేయ్ అన్నా, గాడిదా అన్నా అది ఇంట్లో అన్నట్టే ఉండేది. నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాట మారిపోయేది. చూడండమ్మా, సరేనమ్మా అని వార్తలు చదివినట్టు మాట్లాడేవారు. నాది కోస్తా. నాకు అది మర్యాదగా తోచింది. మర్యాద కూడా కాదు, మెప్పు అనుకున్నాను. మాస్టారు ఎవర్ని కొట్టరో వాళ్ళే క్లాసులో ఫస్టు అని బళ్ళో నేర్చుకున్న లెక్క కదా, అది ఇంత వయసు వచ్చినా వదలలేదు.

రౌండ్లయ్యాక సారుకు ఒక అలవాటుండేది. ఆ పొద్దు ఎవరిని తిట్టారో వాళ్ళను వెంటబెట్టుకుని సర్వీసు రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న చాయ్ బండి దగ్గరికి పోయేవారు. తిట్టు పడ్డవాడికే చాయ్, పడనివాడికి లేదు. అదొక రివాజు అయిపోయింది. నేను వార్డు కిటికీలోంచి చూసేదాన్ని. సారు చేతులు తిప్పుతూ ఏదో చెబుతుండేవారు, బుద్వేల్ అబ్బాయి గ్లాసు పట్టుకుని తల ఊపుతుండేవాడు. అందరి ముందూ అన్నేసి మాటలన్నారు కాబట్టి బుజ్జగిస్తున్నారు కాబోలు అనుకునేదాన్ని. నన్ను బుజ్జగించాల్సిన పనేముంది, నేను బాగున్నాను కదా. క్యాంటీన్‌కు పోయి ఒక్కదాన్నే కూర్చుని ఇడ్లీ తినేదాన్ని.

ఒక్కదాన్నే అన్న మాట ఆ రోజుల గురించి ఎన్నిసార్లు రాయాల్సి వస్తుందో. ఊళ్ళో బజారు వెనక సందులో కిరాయి గది నాది. నాతో పాటు విమానాశ్రయంలో పనిచేసే అమ్మాయిలు ఇద్దరుండేవారు. వాళ్ళ డ్యూటీలు ఒక తీరు, నావి ఒక తీరు. నేను వచ్చేసరికి వాళ్ళు కళ్ళకు గుడ్డ కట్టుకుని నిద్రపోతుండేవారు, నేను లేచేసరికి వెళ్ళిపోయి ఉండేవారు. వాళ్ళ మొహాల కంటే తీగ మీద ఆరేసిన వాళ్ళ యూనిఫాంలనే నేను ఎక్కువ చూశాను. ఆ ఊరు తీరే అంత. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, పెట్టెలు లాక్కుంటూ తిరిగేవాళ్ళు. ఎవరికీ అక్కడ ఆగే పని లేదు. ఆగిపోయింది నేనొక్కదాన్నే అనిపించి ఏడుపొచ్చేది, ఆదివారాలు మరీను.

చదువు మూడేళ్ళూ అట్లాగే గడిచింది. రాతపరీక్ష మొదటిసారే పాసయ్యాను. తరవాత ప్రాక్టికల్. అంటే వేరే ఊళ్ళో, వేరే ఆసుపత్రిలో, ఎప్పుడూ చూడని పేషెంటును పరీక్షకుల ముందు చూసి చెప్పాలి. పరీక్షకులు ఇద్దరూ ఎంత నెమ్మదస్తులో. నేను చెప్పిందంతా విని, నవ్వుతూ థాంక్యూ డాక్టర్ అన్నారు. నేను పాసయ్యాననుకుని మిఠాయి డబ్బా కొనుక్కుని మరీ బస్సెక్కాను. ఫలితాల్లో తప్పాను. ఆ మిఠాయి అప్పటికే వార్డంతా తినేసింది.

ఎందుకు తప్పానో చెప్పే దిక్కు లేదు. పాస్ లేదా ఫెయిల్, అంతే వస్తుంది. నా రోగమేమిటో ఎవరూ చెప్పరు, రోగముందని మాత్రం చెబుతారు. ఆసుపత్రివాళ్ళు వచ్చే ప్రాక్టికల్ దాకా వార్డులో ఉండనిస్తామన్నారు. ఆ తరవాత ఆ చోటు కొత్తవాళ్ళది. ఈసారీ తప్పితే మళ్ళీ రాయను అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంక పీజీ అన్న మాట చెరిపేసుకుని, ఏదో ఒక సందులో జలుబుకూ దగ్గుకూ మందులు రాసిచ్చుకుంటూ కూర్చోవాలి. అది తక్కువ పనని కాదు. కోరి కూర్చోవడం వేరు, చేతకాక కూర్చోవడం వేరు. ఇంటి దగ్గర అప్పటికే నన్ను పరీక్ష గురించి అడగడం మానేశారు. అడిగితే కోపం, అడక్కపోతే ఇంకా కోపం, అట్లా ఉండేది నా సంగతి.

బుద్వేల్ అబ్బాయి మొదటిసారే పాసయ్యాడు. రోజూ తిట్లు తిన్నవాడు పాసవడం, బాగుందమ్మా అనిపించుకున్నది తప్పడం ఏమిటో నాకు అంతు పట్టలేదు. ఒకరోజు వాడు సర్టిఫికెట్ల కోసం వస్తే మెట్ల దగ్గర ఆపి అడిగేశాను, ఏం చదివావు, ఎవరి దగ్గర నేర్చుకున్నావు అని. వాడు నన్ను వింతగా చూశాడు.

"చదువుడు ఏముంది అక్కా? చాయ్ తాగుకుంట సార్ అన్ని చెప్తడు గదా. నువ్వు గిది తప్పు జేస్తున్నవ్, రేపు గిట్ల చెయ్యి అని. నీకు చెప్తలేడా?"

లేదని తల అడ్డంగా ఊపాను. వాడికి అర్థమై తడబడ్డాడు. నిన్ను ఏమీ అనరు కాబట్టి నువ్వంటే సారుకు లెక్క అని మేమంతా అనుకున్నాం అక్కా అన్నాడు. వాళ్ళకు నన్ను చూసి కుళ్ళట. ఆ మాట విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పోనీ నువ్వు చెప్పు, మూడేళ్ళు నా పక్కనే నిలబడ్డావు, నా తప్పేమిటి అని అడిగాను. వాడు మెడ గోక్కుని, నువ్వు మంచిగనే చేస్తవ్ అక్కా అన్నాడు. వీడూ అదే మాట. నాకు ఒళ్ళు మండింది. మంచిగా చేస్తే ఎందుకు తప్పాను రా అని మెట్ల మీదే అరిచాను. వాడు పాపం దండం పెట్టినంత పని చేసి వెళ్ళిపోయాడు.

నాకు కోపం ఎక్కువ. కాకపోతే అది గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాక వస్తుంది, మనుషుల ముందు రాదు. ఆ రోజు మాత్రం తలుపు దాకా ఆగలేదు. తిన్నగా సారు ఓపీ గదికి వెళ్ళాను. మధ్యాహ్నం, పేషెంట్లు అయిపోయారు. సారు టిఫిను డబ్బా మూత తీస్తున్నారు. నన్ను చూసి, రండమ్మా అన్నారు. నేను ఎందుకు తప్పానో చెప్పండి సార్ అన్నాను. ఆయన డబ్బా మూత మళ్ళీ పెట్టేసి, మీరు బాగానే చేస్తారమ్మా, ఒక్కోసారి అదృష్టం అన్నారు.

"అడగందే అమ్మయినా పెట్టదంటారు సార్. అందుకే అడుగుతున్నాను. వాళ్ళను తిట్టినట్టే నన్నూ తిట్టండి."

సారు కిటికీ వైపు తిరిగారు. అక్కడ చూడడానికి ఏముంది, ప్లాట్ల కోసం చదును చేసిన ఎర్రనేల, దాని మీద ఒక బోర్డు. తిట్టండి అని అడిగే మనిషిని ఆయన ఎన్నడూ చూసినట్టు లేరు. రేపు ఓపీ అయినంక వార్డుకు రండి అన్నారు చివరికి.

మర్నాడు వార్డులో ఒక పెద్దమ్మ ఉంది, మహేశ్వరం అవతలి నుంచి వచ్చింది. కాలేయంలో చీము పట్టి, జ్వరంతో చేరి, అప్పటికి కొంచెం తేరుకుంది. సారు ఆమె తలాపున నిలబడి, ఈ బిడ్డ జర కడుపు చూస్తది, సరేనా పెద్దమ్మా అని అడిగారు. ఆమె సరేనంది. తెర లాగాను. చేతులు రుద్దుకుని వెచ్చ చేసుకున్నాను, కడుపు మీద పెట్టాను, నొప్పి లేని వైపు నుంచి మొదలుపెట్టాను, వేళ్ళు కదిపాను. అంతా పుస్తకంలో ఉన్నట్టే చేశాను. పూర్తి చేసి, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి ఉంది సార్ అని చెప్పాను. ఎట్లా తెలిసింది అని అడిగారు. చేతికి గట్టిగా తగిలింది, అక్కడ బిగపట్టింది అన్నాను.

"నేను ఆమె మొహమే చూస్తున్న. నీ చేయి ఆడికి పోకముందే ఆమె పండ్లు గరిచింది. రెండుసార్లు కండ్లు మూసింది. నువ్వు ఒక్కసారన్న పైకి చూడలే. నువ్వొచ్చిన మొదటి నెలల్నే చూసిన ఇది."

సారు నన్ను నువ్వు అనడం అదే మొదలు. ఆయన గమనించినట్టు లేదు. నేనూ ఆ క్షణంలో గమనించలేదు. కడుపు మీద చేయి పెట్టినప్పుడు కళ్ళు పేషెంటు మొహం మీద ఉండాలి. ఇది వైద్యం చదివే ప్రతివాడికీ మొదటి ఏడాదుల్లోనే చెబుతారు. నేనూ చదివాను. జూనియర్లకు నేనే చెప్పాను, మొహం చూడండి, మొహం చూడండి అని. నేను చూడడం లేదన్న సంగతి మాత్రం నాకు తెలియదు. ఎవరి వీపు వాళ్ళకు కనపడదు కదా. పరీక్షకులకు మొదటి నిమిషంలోనే కనపడి ఉంటుంది. థాంక్యూ అనకుండా ఏమంటారు.

ముందు సిగ్గేసింది. తరవాత, చెబితే నమ్మరు, సంతోషం వేసింది. నా తప్పుకు ఒక రూపం దొరికింది. నువ్వు చేతకానిదానివి అనలేదు ఆయన, నీ కళ్ళు కిందికే ఉన్నాయి అన్నారు. చేతకానిదాన్నైతే చేసేదేమీ లేదు, కళ్ళు కిందికి ఉంటే పైకి ఎత్తవచ్చు. ఆ సంతోషం తెర తీసేదాకా నిలిచింది. బయటికి వచ్చాక, మొదటి నెలల్నే చూసిన అన్న మాట వెనక్కి వచ్చి తగిలింది. మొదటి నెలలో! మూడేళ్ళు చూస్తూ, రోజూ బాగుందమ్మా అంటూ!

వరండాలో ఆయన్ని ఆపాను. అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలు అంటారు కదా సార్, మొదటి నెలలో చూసినవాళ్ళు అప్పుడే ఎందుకు చెప్పలేదు అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. సారు నెమ్మదిగా చెప్పారు. నాకంటే ముందు ఒక అమ్మాయి ఉండేదట. ఆమెను కూడా మగపిల్లల్లాగే వార్డులో గట్టిగా తిట్టారట. ఆమె పేషెంట్ల ముందే ఏడ్చేసి, మర్నాడు రాలేదట. ఆ వారమే చదువు మానేసి ఊరికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి ఆడపిల్లలను ఏమీ అనకూడదని ఆయన ఒట్టు పెట్టుకున్నారు. చాయ్ బండి దగ్గరికి ఒక ఆడపిల్లను పిలుచుకుపోతే నలుగురూ ఏమనుకుంటారో అని అదొకటి. ఇట్లా అన్నీ ఆలోచించి, నాకు మంచే చేస్తున్నాననుకున్నారు. ఆయనంటే జాలి కలిగింది, కోపం మాత్రం పోలేదు.

ఆ సాయంత్రం గదిలో కూర్చుని, నేను పైకి ఎందుకు చూడను అని ఆలోచించాను. గుర్తుకొచ్చింది. చేరిన కొత్తలో రావిర్యాల నుంచి వచ్చిన ఒక తాతను, ఎప్పట్నుంచండీ ఈ నొప్పి అని మా వైపు రాగంతో అడిగితే వార్డంతా నవ్వింది. పక్క మంచం మీద ఆవిడ అండీ, అండీ అని నా లాగే సాగదీసి అంది. చెడ్డ నవ్వు కాదు, ముద్దుగానే నవ్వారు. నాకే పడలేదు. ఆ రోజు నుంచి మాట తగ్గించాను, చూపు దించాను. ఫైలు, మానిటరు, నా చెయ్యి, వీటిని చూస్తే ఎవరూ నవ్వరు. గదికి వస్తే చూడడానికి మొహమే లేదు. అట్లా మొహాలు చూసే అలవాటే తప్పిపోయింది. నా ఒంటరితనం నా గదిలోనే ఉందనుకున్నాను, అది నా చేతి దాకా వచ్చి కూర్చుందని తెలియలేదు.

తప్పు తెలిసిపోతే చాలు, సగం పని అయిపోయినట్టే అంటారు. వట్టిది. చెప్పడం ఒక్క మాట, ఒంటికి పట్టించుకోవడం నెలల పని. సారు రోజూ ఓపీ అయ్యాక వచ్చేవారు. ఒప్పుకున్న పేషెంటు దగ్గర నేను పరీక్ష చేస్తుంటే తలాపున నిలబడేవారు. నా కళ్ళు కిందికి దిగగానే పెన్నుతో మంచం కడ్డీ మీద టక్కున కొట్టేవారు. మాట లేదు, తిట్టు లేదు. ఆ చప్పుడంటే నాకు చచ్చేంత చిరాకు. మొహం చూస్తే వేళ్ళ కింద ఏముందో తెలిసేది కాదు, వేళ్ళ మీద మనసు పెడితే చూపు దిగిపోయేది. మొదటి వారాల్లో మునుపటికంటే అధ్వాన్నంగా చేశాను. ఎన్నిసార్లు కొడతారు సార్ అని ఒకరోజు విసుక్కుంటే, నువ్వే గదా అడిగినవ్ అన్నారు. అదీ నిజమే.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆయన ఆ నెలల్లో రెండో తప్పు చెప్పలేదు. నాకు ఇంకా చాలా ఉండి ఉంటాయి, కేసు గబగబా చెప్పేస్తాను, మందుల పేర్లు తొందరపడి అంటాను. అవన్నీ ఆయన చెవిన పడ్డా, నా కళ్ళు నిలబడేదాకా నోరెత్తలేదు. మగపిల్లలకు వార్డులో పడేవి బోలెడు తిట్లు, చాయ్ దగ్గర చెప్పేది మాత్రం రోజుకు ఒక్క తప్పేనట. బుద్వేల్ అబ్బాయి తరవాత చెప్పాడు. తిట్లు ఉత్త ఉరుములట, వాన చాయ్ బండి దగ్గరేనట.

బయట కూడా సాధన చేశాను. టిఫిన్ సెంటర్‌లో దోసె వేసే ఆవిడ మొహం చూసి డబ్బులిచ్చాను. ఆసుపత్రి గేటు దగ్గర కాపలా ఆయన మొహం చూసి నమస్తే అన్నాను. మా ఇంటి ఓనరు అక్క కనుబొమ మీద ఒక పాత గాటు ఉందని అన్నేళ్ళకు చూశాను. చూస్తే మనుషులు ఊరుకోరు, మాట్లాడతారు. ఏంది డాక్టరమ్మా, ఏమన్న పరేషాన్ ఉందా అని ఆమె అడిగింది. ఏమీ లేదక్కా అని పైకి వచ్చేశాను. మొహాలు చూడడం మొదలుపెడితే ఒంటరితనం పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఎవరి ఇళ్ళల్లో ఎవరు ఎదురుచూస్తున్నారో ఆ మొహాల్లో కనపడుతుంది, మన ఇంట్లో ఎవరూ లేరన్నది ఇంకా స్పష్టమవుతుంది. అయినా చూశాను. చూడక తప్పదు నాకు.

పరీక్ష వచ్చింది. ఈసారీ వేరే ఊరు. నాకు ఇచ్చిన పేషెంటు నడివయసు మనిషి, రాయిలాంటివాడు, నొప్పి అంటే నామోషీ అనుకునే రకం. చేయి పెట్టాను. కడ్డీ మీద కొట్టేవాళ్ళు లేరు. నా చూపు దిగబోయింది, తెలిసింది, ఆపుకున్నాను. ఆయన మొహం కదలలేదు, కళ్ళు మాత్రం ఒక్క క్షణం పైకప్పు నుంచి పక్కకు తిరిగాయి. నేను చేయి తీసేశాను. ఇక్కడ నొప్పిగా ఉంది కదండీ అన్నాను, మా వైపు రాగంతోనే. ఆయన కాస్త ఆగి తల ఊపాడు. పరీక్షకులు ఏదో రాసుకున్నారు. ఈసారి కూడా థాంక్యూ డాక్టర్ అనే అన్నారు, అదే నవ్వు. నేను మిఠాయి కొనలేదు.

పాసయ్యాను. ఇంటి దగ్గర అమ్మ ఫోన్‌లో ఏడ్చింది. కోస్తాలో ఒక ఊళ్ళో ఉద్యోగం కుదిరింది. గదిలో అమ్మాయిలకు చెబుదామంటే ఒకరు డ్యూటీలో ఉన్నారు, ఒకరు నిద్రలో ఉన్నారు. లేపబుద్ధి కాలేదు. వంటింటి గట్టు మీద కూర్చుని నాకు నేనే ఆ మాట ఒకసారి పైకి చెప్పుకున్నాను, పాసయ్యాను అని. ఎట్లాగో ఉంది అది వినడానికి.

సెలవు తీసుకోవడానికి చివరి రోజు ఆసుపత్రికి వెళ్ళాను. వెళ్ళేసరికి రౌండ్లు నడుస్తున్నాయి. ఆ నెలలోనే ఒక అమ్మాయి కొత్తగా పీజీలో చేరింది. కేసు చెబుతోంది, గొంతు సన్నగా వణుకుతోంది. రోగం ఏమిటో చెబుతోంది కానీ ఎందుకు అట్లా అనుకుంటోందో చెప్పడం లేదు. తలుపు దగ్గర నిలబడ్డ నాకే తెలిసిపోయింది. సారుకు తెలియకుండా ఉంటుందా. ఆమె ముగించగానే ఆయన తల ఊపి, బాగుందమ్మా అని పక్క మంచానికి వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది.

రౌండ్లయ్యాక ఆయన గదికి వెళ్ళాను. కూర్చోమన్నారు. పాసైనందుకు సంతోషపడ్డారు, నిజంగానే పడ్డారు, మొహంలో కనపడింది. కాసేపు ఆ ఊరి ఆసుపత్రి గురించి అడిగారు. తరవాత కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఇట్లా అన్నారు.

"పాసైనవు. ఇగ నీ తప్పు నీకెవ్వరు చెప్పరు. అందరు మంచిగ చేస్తున్నవనే అంటరు. నాకు ఒకరు చెప్పి ఎన్నేండ్లయిందో. పోయేముందు నువ్వన్న చెప్పిపో, నేనేం తప్పు జేస్తున్న?"

మామూలుగా అయితే, మీకు తప్పేముంటుంది సార్ అని దండం పెట్టి లేచి ఉండేదాన్ని. మా అందరికీ నోట్లో ఊరే మాట అదే కదా. కానీ ఆ అమ్మాయి వెలిగిన మొహం కళ్ళ ముందు ఉంది.

"ఈ అమ్మాయికి ఇవాళే చెప్పండి సార్. మూడేళ్ళు ఆగకండి."

సారు కళ్ళద్దాలు పెట్టుకోలేదు. "ఏడిస్తే?" అన్నారు.

"ఏడవనివ్వండి. నేనూ ఏడ్చాను సార్, మూడేళ్ళు, గదిలో. మీకు కనపడలేదు కాబట్టి బాగుందమ్మా అన్నారు."

ఆయన బల్ల మీద చేతులు పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నారు. నేను మరీ ఎక్కువ అన్నానా అని భయం వేసింది, అయినా వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. కాసేపటికి సిస్టర్‌ను పిలిచి, కొత్తగా చేరిన అమ్మాయిని రమ్మని చెప్పారు. వాళ్ళిద్దరి మధ్యా నేనెందుకని లేచాను. ఆయన చేత్తో కూర్చోమన్నారు.

"నువ్వుండు. నాకు జర ధైర్యముంటది."